గొడుగావిడ ఇల్లు

చిరంజీవి మేనకోడలికి, మావయ్య ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. ఇంట్లో కూడా గొడుగు వేసుకు తిరిగే పెద్దావిడ బాగుంది. కానీ ఆవిడే కాకులతో మాట్లాడుతుంది, వెనక్కి నడుస్తుంది, గోడల మీద లెక్కలు రాస్తుంది. ఇన్ని పెడితే మనిషి మిగల్దమ్మా, వింతల మూట మిగులుతుంది. నీ వయసులో నేనూ ఈ పనే చేశాను. ఏడు చాదస్తాలున్న ముసలాయన్ని పుట్టించి, గొప్పగా ఓ స్నేహితుడికి చదివి వినిపించాను. అంతా విని, "ఇంతకీ ఈయన పడుకునేదెక్కడ?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. కథ అటకెక్కింది.

అంచేత గొడుగొక్కటే ఉంచు, మిగతావి కొట్టెయ్. ఆ గొడుగు పట్టుకుని ఆ ఇంట్లో ఓ రోజంతా నువ్వే తిరుగు. ముందు తెలిసేదేమిటంటే, ఆవిడకి ఖాళీగా ఉండేది ఒక్క చెయ్యే. రెండు చేతులతో ఎత్తాల్సిన గిన్నె ఆ ఇంట్లో ఉండదు. బిగుతు మూత డబ్బా ఉండదు. పుస్తకం చదవాలంటే పేజీ మీద ఏదో బరువు పెట్టాలి. ప్రతి గుమ్మం దగ్గరా గొడుగు వంచి దాటాలి. ఏళ్ళ తరబడి ఊచలు గీరుకుని ద్వారబంధాల మీద రంగు ఒకే ఎత్తులో లేచిపోయి ఉంటుంది. ఆవిడ ఎంత పొడుగో ఇక నువ్వు చెప్పక్కర్లేదు.

కారణం కూడా ఆవిడ లెక్కలో సబబుగా ఉండాలి. ఎప్పుడో ఓ రాత్రి కప్పు కురిసి, దాచుకున్న ఉత్తరాలన్నీ తడిసి ముద్దయ్యాయనుకో. కప్పు బాగుచేయించింది గానీ దానిమీద నమ్మకం పోయింది. ఇది మొదటి పేజీలోనే కక్కెయ్యకు. నీళ్ళు పట్టడానికి పెట్టిన గిన్నె అడుగు మచ్చ నేలమీద గుండ్రంగా చూపించు, చాలు. డికెన్స్ నవల 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్'లో, పెళ్ళిరోజునే వరుడు రానని కబురు పెట్టిన మిస్ హావిషామ్ ఇంట్లో గడియారాలన్నీ 8 గంటల 40 నిమిషాల దగ్గర ఆగిపోయి ఉంటాయి. అందరూ వాటినే తలుచుకుంటారు. నాకైతే ఆవిడ రెండో కాలి జోడు ఇష్టం. ఒకటి కాలికుంది, రెండోది బల్ల మీదుంది. పెళ్ళి ముస్తాబు సగంలో ఉండగా కబురొచ్చిందని ఆ జోడే చెబుతుంది.

తన తిక్క తనకి కనబడకూడదు. ఆవిడ దృష్టిలో గొడుగు లేకుండా తిరిగే జనమే తెగించినవాళ్ళు. ఇరుగుపొరుగుకీ అలవాటైపోయి ఉంటుంది. పక్కింటి పిల్లాడు రాగానే మేకుకున్న చిన్న గొడుగు తీసి, విప్పుకుని, లోపల కూర్చుని హోంవర్క్ చేసుకుంటాడు. ఇద్దరూ ఆ ఊసే ఎత్తరు.

పేరు మామూలుది పెట్టు. నవ్వొచ్చే పేరు వద్దు.

ఇంటి పటం కూడా గీసుకో, వంకరటింకరగా అయినా సరే. స్టీవెన్సన్ నవల 'ట్రెజర్ ఐలాండ్' 1881లో సరదాకి గీసిన దీవి పటంలోంచే పుట్టింది. తీరా పుస్తకం వేసేటప్పటికి ఆ పటం ఎక్కడో పోయింది. రాసిందంతా మళ్ళీ వెతుక్కుని, దానికి సరిపడేట్టు ఇంకోటి గీయడానికి నానా తంటాలు పడ్డాడు.

నీ పటంలో ఆవిడ మంచం ఎక్కడేస్తావో చూస్తాను. రాత్రి నిద్రపట్టాక గొడుగు ఎవరు పట్టుకుంటారు? నాకొకటి తోచింది గానీ చెప్పను. నువ్వు రాసి పంపు.

ఉంటాను,
మీ మావయ్య