పట్టాల కింద నుంచి ఫైబర్ కేబుల్ వేయడానికి రైల్వే పర్మిషన్ ఎలా వస్తుంది?

మీ ఊరి మధ్యలో రైలు పట్టాలున్నాయి, అవతలి కాలనీకి ఇంటర్నెట్ ఇవ్వాలి, రైల్వే వాళ్లు ఎంత అడుగుతారు, ఎన్నాళ్లు తిప్పుతారు అని అడిగారు. నేను కేబుల్, ఇంటర్నెట్ పనిలోనే ఉన్నాను. ఇప్పటికి మూడు చోట్ల పట్టాలు దాటించాను. మొదటిది మాత్రం ఏడిపించింది.

ఫీజు గురించి భయపడకండి. 2022 సెప్టెంబర్‌లో కేంద్ర కేబినెట్ ఆమోదించిన రైల్వే భూమి విధానం ప్రకారం, ఫైబర్ కేబుల్ పట్టాలు దాటడానికి ఒక్కసారి కట్టే ఫీజు 1000 రూపాయలు. పర్యవేక్షణ ఛార్జీలు, డిపాజిట్టు, అగ్రిమెంటు ఖర్చులు వేరే. అసలు డబ్బు పోయేది బోరింగ్‌కే, అంటే పట్టాల కింద భూమిలో అడ్డంగా రంధ్రం చేయడానికే. ఇది పట్టాలకు అడ్డంగా దాటే కేబుల్ సంగతి. పట్టాల వెంబడే కిలోమీటర్ల కొద్దీ వేయాలంటే అది వేరే కథ, అక్కడ రైల్వే వాళ్ల సొంత సంస్థ రైల్‌టెల్ ఉంది.

దరఖాస్తు డీఆర్‌ఎం (డివిజనల్ రైల్వే మేనేజర్) ఆఫీసుకు వెళ్తుంది. రైల్వే స్థలం దాటించుకునే ఈ అనుమతిని అక్కడ ‘వే లీవ్’ అంటారు. నేను మొదటిసారి డ్రాయింగ్‌లో ‘రామాలయం వెనక’ అని రాసి ఇచ్చాను! రైల్వే వాళ్లకు గుడీ బడీ అక్కర్లేదు, కిలోమీటరు నంబరు, పక్కనున్న కరెంటు స్తంభం మీది నంబరు కావాలి. పైగా నేను చూపించిన చోటు స్టేషన్ యార్డులో, పట్టాలు విడిపోయే పాయింట్ల దగ్గర. ఫైలు తిరిగొచ్చింది, నాలుగు నెలలు పోయాయి. తప్పు నాదే. యార్డు, పాయింట్లు, వంతెన, ఇవేవీ లేని చోట, పట్టాలకు సరిగ్గా అడ్డంగా దాటేలా చూపించండి.

తర్వాత జాయింట్ ఇన్‌స్పెక్షన్. ట్రాక్ వాళ్లు, సిగ్నల్ వాళ్లు, టెలికాం వాళ్లు, పైన కరెంటు చూసే ట్రాక్షన్ వాళ్లు, అందరూ ఒకే రోజు దొరకడమే కష్టం. ఎక్కువ కాలం పట్టేది ఇక్కడే. సిగ్నల్ వాళ్లు రాకుండా పని మొదలుపెట్టకండి. పట్టాల పక్కన భూమిలో వాళ్ల కేబుళ్లుంటాయి. మన బోరింగ్ మెషిన్ తగిలి అవి తెగితే సిగ్నళ్లు ఎర్రగా మారి బళ్లు ఆగిపోతాయి. వాళ్లు తమ కేబుల్ ఎక్కడుందో చూపించాక మేం ముగ్గు పోసి, ఫోటో తీసి పెట్టుకున్నాం. బోరింగ్ గుంతలు రెండూ రైల్వే హద్దు రాళ్లకు బయటే తవ్వాం.

కొందరు ‘రాత్రిపూట తూములోంచి లాగేయండి, ఎవరు చూస్తారు’ అంటారు. వినకండి. అనుమతి లేకుండా రైల్వే స్థలంలోకి వెళ్తే రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా 1000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. జరిమానా, ఫీజు ఒకటే అంకె కావడం తమాషా! ఇక స్తంభం నుంచి స్తంభానికి పైనుంచి లాగుదామనే ఆలోచన అసలే వద్దు, కింద వేలాడేది 25,000 వోల్టుల తీగ.

ఇంకొకటి. బోర్ వేసేటప్పుడే ఖాళీ పైపు ఇంకోటి వేసుకోండి, కానీ దాన్ని కూడా డ్రాయింగ్‌లో చూపించండి. నేను రెండో చోట చూపించలేదు, కాలనీ పెరిగాక మళ్లీ మొదటి నుంచీ దరఖాస్తు పెట్టాల్సి వచ్చింది.