షెడ్డు అడ్వాన్సు ఇచ్చేముందు

గుంటూరు

చిరంజీవి చిన్నాకు మావయ్య ఆశీస్సులు.

బెజవాడ హోటళ్లలో మిగిలింది తెచ్చి ఎరువు చేసి అమ్ముతానన్నావని అమ్మ చెప్పింది. చాలా సంతోషించాను. షెడ్డుకు అడ్వాన్సు ఇచ్చేముందు ఈ లెక్క ఒకసారి వేసుకో.

టన్ను తడిచెత్తలో 700 కిలోల దాకా నీళ్లే. కుళ్లి, ఆరి, జల్లెడ పట్టాక చేతికొచ్చే కంపోస్టు 200, మహా అయితే 250 కిలోలు. కిలో ఐదు రూపాయలకు అమ్మావే అనుకో, 1,250 రూపాయలు. ట్రాలీ ఆటో డీజిలు, ఇద్దరి కూలి అందులో ఎక్కడ సరిపోతాయి? నేను మొదటి ఏడాది పోగొట్టుకున్నది ఇక్కడే. నిన్ను నిలబెట్టేది చెత్త ఎత్తినందుకు హోటలువాళ్లు నెలనెలా ఇచ్చే డబ్బు. అడగడానికి మొహమాటపడకు. రోజుకు 100 కిలోలు దాటి చెత్త వచ్చేచోట్లను ప్రభుత్వ చెత్త నిబంధనలు విడిగా లెక్కగడతాయి, అందుకని వాళ్లకూ నీతో పనుంది.

ఒకసారి కల్యాణమండపం నుంచి డ్రమ్ము తెచ్చాం. పైన పెరుగన్నం, అరిటాకులు. చెయ్యి పెట్టి కెలికితే అడుగున వాటర్ ప్యాకెట్లు, ప్లాస్టిక్ గ్లాసులు, ఒక స్టీలు గరిటె. ఏరడానికి ఇద్దరు ఆడవాళ్లు మధ్యాహ్నందాకా కూర్చున్నారు. ఆ కూలి డబ్బు ఆ డ్రమ్ము ఎరువులో రాలేదు. అందుకని వంటింట్లోనే రెండు డ్రమ్ములు పెట్టించు, అంట్లు తోమేవాళ్లతో నువ్వే మాట్లాడు. వాడిన నూనె వేరే డబ్బాలో పట్టు, బయోడీజిలుకు కొంటారు. తినదగ్గ అన్నం మిగిలితే మాత్రం ముందు మనుషులకు చేరాలి నాయనా, కుప్పలో పోయొద్దు.

కుప్పలోంచి పిడికెడు తీసి గట్టిగా పిండి చూడు. ఒకటి రెండు చుక్కలు కారితే తడి సరిపోయినట్టు. ధార కడితే ఎండాకులో, రంపపు పొట్టో కలుపు.

నా మాటంటావా, గ్యాస్ వైపు చూడు. టన్ను మిగుళ్లకు సుమారు 80 నుంచి 100 ఘనమీటర్ల బయోగ్యాస్ వస్తుంది. అంటే 19 కిలోల కమర్షియల్ సిలిండర్లు రెండు వచ్చినట్టు. ఎరువు కంటే ఇదే డబ్బు. అయితే హోటలు పెరట్లోనే తయారై ఆ పొయ్యిలోనే మండాలి. శుద్ధి చేసి సిలిండర్లలో నింపే యంత్రాలు ఇప్పుడు నీకు మోయలేని భారం. గ్యాస్ తొట్టిని పేడనీళ్లతో మొదలుపెట్టి, అందులో పోసే మిగుళ్లు కొద్దికొద్దిగా పెంచు. పెళ్లిళ్ల రోజుల్లో వచ్చిందంతా ఒక్కసారే పోస్తే లోపల పులిసిపోయి గ్యాస్ ఆగిపోతుంది. ఆషాఢంలో మండపాలు ఖాళీగా ఉంటాయి, అప్పటికోసం కాళేశ్వరరావు మార్కెట్టు కూరగాయలవాళ్లతో ఇప్పుడే మాట్లాడుకో.

ముందు నాలుగు హోటళ్ల చెత్త వారంపాటు కాటా వేసి రాసుకో. ఆ కాగితం పట్టుకుని ఆదివారం రా, అత్తయ్య వంట చేసేలోగా ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ మావయ్య