భక్తి మనది, చాకిరీ ఎవరిది?

చిన్నోడికి,

నీకూ, కోడలికీ, పిల్లలిద్దరికీ మన ప్రభువు నామంలో శుభాలు.

కుటుంబ ప్రార్థన మళ్ళీ మొదలుపెడుతున్నాం, ఈసారి మధ్యలో ఆగిపోకుండా ఎలా నిలబెట్టుకోవాలి పెద్దమ్మా అని ఫోన్లో అడిగావు. ఫోన్లో చెప్తుంటే మీ పెదనాన్న మధ్యలో అందుకుని తన ప్రసంగం మొదలుపెడతారు కాబట్టి కాగితం మీద రాస్తున్నాను. నువ్వు అడిగింది ప్రార్థన గురించే గానీ, నేను మీ వంటింటి గురించీ, మీ అమ్మ షుగర్ మాత్రల గురించీ కూడా రాస్తాను. ఓపిగ్గా చదువు.

ముందు ప్రార్థన సంగతి. రాత్రి అన్నాలకి ముందు పెట్టుకోండి. తిన్నాక అంటే పిల్లలు తూగుతారు, నువ్వు ఆఫీసు ఫోను పట్టుకుంటావు. ఆకలి మీద ఉన్నప్పుడైతే ప్రార్థన దానంతటదే పొట్టిగా వస్తుంది. ఒక పాట, చిన్న వాక్యభాగం, ఒకరిద్దరి ప్రార్థన, చివర అందరూ కలిసి పరలోక ప్రార్థన. పావుగంట దాటనివ్వకు. నీకు నైట్ షిఫ్ట్ ఉన్న వారం కోడలు నడిపిస్తుంది. ఇంటి యజమాని లేడని ప్రార్థన ఆపాల్సిన పని లేదు.

యూట్యూబ్‌లో వచ్చే కొత్త పాటలు వద్దనను, పిల్లలకి అవే హుషారు. కానీ ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లోంచి కూడా అప్పుడప్పుడు ఒకటి నేర్పండి. పురుషోత్తమ చౌదరిగారిలాంటి వాళ్ళు పందొమ్మిదో శతాబ్దంలోనే మన రాగాల్లో, మన తాళాల్లో రాసి పెట్టారు. పాట పైన రాగం, తాళం పేర్లు వేసి ఉంటాయి చూడు. మీ అమ్మకి అవి పుస్తకం చూడకుండా వచ్చు. నేర్పే పని ఆమెకి అప్పజెప్పు. పొద్దస్తమానం టీవీ ముందు కూర్చునే మనిషికి మనవళ్ళతో ఒక పని దొరుకుతుంది.

చదవడానికి మార్కు సువార్తతో మొదలుపెట్టండి. 16 అధ్యాయాలే, కథ చకచకా నడుస్తుంది. లేవీయకాండం, పేర్ల వరసలు ఉన్న అధ్యాయాలు పిల్లలు పెద్దయ్యాక చూసుకోవచ్చు. మార్కు అయ్యాక సామెతలు పట్టుకోండి. 31 అధ్యాయాలు కాబట్టి ఏ తేదీకి ఆ అధ్యాయం తెరిచి, అందులో నాలుగు వచనాలు చదివితే చాలు. పెద్దదానికి తెలుగు చదవడం రావట్లేదు, ఇంగ్లీషు బైబిలు ఇస్తున్నాం అన్నావు. ఇవ్వు, కానీ రోజుకి ఒక్క వచనం తెలుగులో కూడబలుక్కోనివ్వు. తప్పు చదివితే ఎవరూ నవ్వకూడదు, ముఖ్యంగా నువ్వు. మీ అమ్మమ్మ అక్షరాలు దిద్దుకుంది బైబిలు చదవడానికే, అదీ పెళ్ళయ్యాక, పగలు పొలం పని చేసుకుని వచ్చి.

ఇంకో సంగతి గట్టిగా చెప్పాలి. ప్రార్థనలో ఎవర్నీ దెప్పకండి. "దేవా, ఈ ఇంట్లో పెద్దల మాట లెక్కచేయని వాళ్ళ మనసు మార్చు తండ్రీ" అని అత్తగారు కళ్ళు మూసుకుని అంటుంది. అది ఎవరి గురించో అక్కడున్న అందరికీ తెలుసు. "లెక్కల్లో తక్కువ మార్కులు తెచ్చుకున్న ఈ బిడ్డకి బుద్ధినివ్వు" అని తండ్రి అంటాడు. పాపం వాడు ఆమేన్ అనాలా వద్దా? మామూలుగా తిడితే ఎదురు చెప్పొచ్చు, ఏడవొచ్చు. ప్రార్థనలో తిడితే ఆ వీలు కూడా ఉండదు. అలాంటి ఇళ్ళలో పిల్లలు ప్రార్థన టైముకి బాత్రూంలో దూరతారు. వాడికి పరీక్ష టెన్షన్ ఉంటే, "రేపు పరీక్షలో వీడికి తోడుగా ఉండు ప్రభువా" అను. వాడు ఇంకొంచెం దగ్గరికి జరిగి కూర్చుంటాడు.

ఇక నేను అసలు రాయాలనుకున్నది. నర్సుగా మిషన్ ఆసుపత్రిలో పనిచేసినన్నాళ్ళూ, ఆ తర్వాత స్త్రీల సమాజంలో తిరిగినన్నాళ్ళూ ఎన్నో విశ్వాస కుటుంబాలని లోపలి నుంచి చూశాను. చాలా ఇళ్ళలో భక్తి ఒకరిది, దాని చాకిరీ ఇంకొకరిది. పేరు ఒకరికి వస్తుంది, నడుం నొప్పి ఇంకొకరికి వస్తుంది. అందుకని ఇంట్లో ఏ కొత్త భక్తి అలవాటు పెట్టినా, దీని బరువు ఎవరి మీద పడుతుందో ముందే చూసుకో.

ఆదివారం సంగతే తీసుకో. ఆరాధన ఎనిమిదిన్నరకి. మన ఇళ్ళలో ఆదివారం కోడికూర లేకపోతే గుడికి వెళ్ళినట్టే ఉండదు కదా. కోడలు ఐదున్నరకి లేచి చికెన్ కడిగి ఉప్పు, కారం, అల్లం వెల్లుల్లి పట్టించి పెడుతుంది. పిల్లల తలలు దువ్వి, మీ అమ్మకి టిఫిన్ పెట్టి, నీ తెల్ల చొక్కా ఇస్త్రీ చేస్తుంది. నువ్వు బైబిలు పట్టుకుని బండి మీద ముందు వెళ్ళిపోతావు, ఎందుకంటే నువ్వు కానుకలు పట్టే మనిషివి. ఆమె ఆటోలో పిల్లలతో వచ్చేసరికి ప్రసంగం సగమవుతుంది. చివరి బెంచీలో కూర్చుని, గ్యాస్ కట్టేశానా లేదా అని ఆలోచిస్తుంది. ఆశీర్వాదం అవగానే అందరూ బయట వందనాలు చెప్పుకుంటుంటే ఆమెకి ఇంటికి పరుగు. వడ్డించే పనిలో సతమతమైన మార్త, యేసు పాదాల దగ్గర కూర్చుని విన్న మరియల మీద చక్కటి ప్రసంగం విని, ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూనే "అన్నం అయిందా?" అని అడిగే మగవాళ్ళని చాలామందిని చూశాను. వాళ్ళకి ఆ ప్రసంగం ఎటు పోయిందో.

కాబట్టి ఆదివారం మధ్యాహ్నం మీ ఇంట్లో పప్పుచారు, ఆమ్లెట్. శనివారం రాత్రే పప్పు ఉడికించి ఫ్రిజ్‌లో పెట్టుకోండి, పొద్దున పోపు పెడితే సరిపోతుంది. చికెన్ రాత్రికి, అదీ ఉల్లిపాయలు నువ్వు తరిగితేనే. చుట్టాలు వస్తున్నారంటే బిర్యానీ బయట నుంచి తెప్పించు, దానివల్ల మన సాక్ష్యం ఏమీ చెడిపోదు. మీ అమ్మ గొణుగుతుంది. నేను చెప్పానని చెప్పు, అక్క మాట కాబట్టి ఆ పూటకి ఊరుకుంటుంది.

మీ ఇంట్లో అంట్లు తోమే అమ్మాయికి ఆదివారం సెలవు ఉందా? నాకు తెలిసి లేదు, చర్చి నుంచి వచ్చాకే అంట్లు ఎక్కువ పడతాయని ఆ రోజు తప్పకుండా రమ్మంటారు. ద్వితీయోపదేశకాండం 5వ అధ్యాయంలో విశ్రాంతి దినం ఆజ్ఞ ఒకసారి మళ్ళీ చదువు. నువ్వు పని చేయొద్దు అనడంతో అది ఆగిపోదు. నీలాగే నీ దాసుడూ దాసీ విశ్రమించాలి అని కూడా ఉంటుంది. ఆమెకి జీతం కోయకుండా ఆదివారం సెలవివ్వండి. ఆమె ఏ దేవుణ్ణి మొక్కుతుందో మనకెందుకు. ఆమె టీ గ్లాసు బాల్కనీ గోడ మీద విడిగా బోర్లించి ఉండడం పోయినసారి వచ్చినప్పుడు చూశాను. దాన్ని తీసుకెళ్ళి మీ గ్లాసులతో కలిపి పెట్టు. ప్రభువు బల్ల దగ్గర అందరం ఒక్కటే అనుకుంటూ ఇంట్లో రెండు రకాల గ్లాసులు పెట్టుకోవడానికి నాకు మనసొప్పదు.

డబ్బు విషయంలోనూ ఇదే లెక్క. దశమ భాగం, అంటే సంపాదనలో పదో వంతు, ఇవ్వు, సంతోషంగా ఇవ్వు. కానీ ఎంత ఇస్తున్నావో, ఎవరికి ఇస్తున్నావో కోడలికి తెలిసే ఇవ్వు. టీవీలో ప్రసంగం విని రాత్రికి రాత్రే ఫోన్‌పేలో కొట్టేసి, నెలాఖరున పాల ప్యాకెట్టు తగ్గించే వాళ్ళు ఉన్నారు. అమ్మానాన్నలకి ఇవ్వాల్సింది "కొర్బాను", అంటే దేవుడికి అర్పించేశాం, అనేసి చేతులు దులుపుకునే వాళ్ళ మీద మార్కు 7వ అధ్యాయంలో యేసు ఎంత కోప్పడ్డాడో చూడు. మీ అమ్మ మందులు, పిల్లల ఫీజులు కూడా దేవుడు నీకు అప్పజెప్పిన లెక్కలోవే.

పిల్లలకి ఇవ్వడం నేర్పాలంటే గుడి గుమ్మంలో చేతిలో పదిరూపాయల నోటు కుక్కొద్దు, అది నీ డబ్బే కదా. మన తెలుగు సంఘాల్లో పిడికెడు బియ్యం అని ఉండేది, మీ అమ్మకి బాగా గుర్తుంటుంది. అన్నానికి బియ్యం కొలిచిన ప్రతిసారీ ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసి, నిండాక గుడికి తెచ్చేది. 1912లో దోర్నకల్‌కి బిషప్ అయిన అజరయ్యగారు, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే, మన పల్లె సంఘాలు తమ కాళ్ళ మీద తాము నిలబడాలని పట్టుబట్టిన మనిషి. ఆ నిలబడడంలో ఇలాంటి కుండల పాలు కూడా ఉంది. మీ పిల్లలకి కుండ వద్దులే, ఒక డబ్బా పెట్టు. వాళ్ళ చాక్లెట్ డబ్బుల్లోంచి వాళ్ళకి తోచినంత వేస్తారు. వేయని వారం అడగొద్దు.

మీ అమ్మ శుక్రవారం ఉపవాస ప్రార్థన సంగతి. ఇది పెద్దమ్మగా కాదు, నర్సుగా చెప్తున్నా. షుగర్‌కి మాత్రలు వేసుకునే మనిషి, ఇన్సులిన్ తీసుకునే మనిషి డాక్టర్ని అడక్కుండా పస్తుండకూడదు. కొన్ని మాత్రలు వేసుకుని తినకపోతే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, మాట తడబడుతుంది. ఉపవాస కూటంలో ఇలా ఒకామె ఒరిగిపోతే, చుట్టూ ఉన్నవాళ్ళు ఆత్మ దిగివచ్చిందని స్తోత్రాలు చెప్పారు. తెలివిలో ఉంటే వెంటనే పంచదార నీళ్ళో, గ్లూకోజో తాగించాలి. తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఇది మీ ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి, పెద్దదానికి కూడా.

మాత్ర వేసుకుంటే విశ్వాసం తక్కువైనట్టని మీ అమ్మకి ఎవరో ఎక్కించారు. లూకా వైద్యుడని కొలస్సీ పత్రికలోనే ఉంది. నూనె రాసి ప్రార్థన చేయించుకోమను, నేనూ చేయించుకుంటాను, కానీ మాత్ర మానొద్దను. ఉపవాసం లేకపోతే ఆమెకి వెలితిగా ఉంటుంది, అది నాకు తెలుసు. యెషయా 58వ అధ్యాయం ఆమె చేతే చదివించు. ఆకలిగొన్నవాడికి నీ అన్నం పెట్టడమే ఉపవాసం అని అక్కడ దేవుడే అంటున్నాడు. శుక్రవారం ఆమె మామూలుగా తిని, ఇంకో మనిషికి సరిపడా అన్నం కట్టి కింద వాచ్‌మన్ ఇంటికి పంపితే సరిపోతుంది. ఆ పూట సీరియల్ కూడా మానేస్తే మరీ మంచిది, దానికి మాత్రం ఒప్పుకోదు.

ఇరుగుపొరుగు గురించి కొంచెమే రాస్తాను. పక్కింటివాళ్ళు ప్రసాదం తెస్తే ఏం చేయాలని కోడలు అడిగింది. కొరింథీయులకి రాసిన మొదటి పత్రిక 8, 10 అధ్యాయాలు ఇద్దరూ కలిసి చదివి, మీ మనస్సాక్షి ఎటు చెప్తే అటు నడవండి. తీసుకోని పక్షంలో నవ్వుతూ, నొప్పించకుండా వద్దనండి. తీసుకుని తలుపేసి చెత్తబుట్టలో వేయడం, అదీ పిల్లల ఎదురుగా, అస్సలు వద్దు. ఇంకా, క్రిస్మస్‌కి పాటలన్నీ మైకులో పెట్టి అపార్ట్‌మెంట్‌ని రాత్రంతా నిద్రపోనివ్వకుండా చేసి, పొద్దున్నే కేకు పంచితే ఎవరూ సంతోషించరు.

మొగుడూ పెళ్ళాల కోపాలకి ఎఫెసీ పత్రికలో పౌలు సూర్యాస్తమయం దాకా గడువు ఇచ్చాడు. నీకు షిఫ్టులు కాబట్టి నేను అన్నం టైము దాకా ఇస్తున్నాను. పోట్లాడిన రాత్రి ప్రార్థన మానొద్దు, కానీ ఆ రాత్రి చేసేది తప్పు చేసినవాళ్ళు కాకుండా రెండోవాళ్ళు చేయాలి. మీ ఇంట్లో తప్పు ఎవరిదో తేలడానికి కొంచెం టైము పడుతుంది, ఫర్వాలేదు, పిల్లల్లో ఒకరి చేత చేయించండి.

చివరికి మీ తమ్ముడి సంబంధాలు. పెళ్ళిచూపుల్లో అందరూ నిలబడి ప్రార్థన చేస్తారు, పాస్టరుగారు ఆశీర్వదిస్తారు, ఇడ్లీ తింటారు. ఆ తర్వాత పెద్దమనిషి ఒకాయన గొంతు తగ్గించి "మరి మీరు అమ్మాయికి ఏం పెట్టాలనుకుంటున్నారు?" అంటాడు. 1961 నుంచి కట్నం ఇచ్చినా, పుచ్చుకున్నా నేరమే. మన సంఘాల్లో అది తెలియనివాళ్ళు లేరు, మానినవాళ్ళు మాత్రం తక్కువ. మేం అడగలేదు, వాళ్ళే సంతోషంగా ఇస్తున్నారు అంటారు. ఆ సంతోషం కోసం అమ్మాయి తండ్రి ఎక్కడ అప్పు చేశాడో, ఏ పొలం తాకట్టు పెట్టాడో కనుక్కున్నవాళ్ళని నేను చూడలేదు. మీ అమ్మ, చుట్టాల్లో ఎవరికి ఎంతిచ్చారో అప్పుడే లెక్కలు తీస్తోందని విన్నాను. మీ తమ్ముడు నోరు విప్పే రకం కాదు. కాబట్టి నువ్వు మాట్లాడాలి, సంబంధం కుదిరాక కాదు, మొదటి ఫోన్లోనే, "మాకు కట్నం వద్దు, పెళ్ళి ఖర్చు సగం సగం" అని. నీకు మొహమాటంగా ఉంటే పెళ్ళిచూపులకి నన్ను కూడా తీసుకెళ్ళు. బస్సు టికెట్టు నేనే తీసుకుంటాను, తేదీ మాత్రం పది రోజుల ముందు చెప్పు.

మీ
పెద్దమ్మ