జన్మపాపం గురించి రాస్తున్న చిరంజీవికి

తిరుపతి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం చదివాను. కతోలిక సభ ప్రకారం ప్రతి శిశువూ ఆదాము నేరానికి దోషిగా పుడుతుందనీ, తూర్పు క్రైస్తవ సంప్రదాయానికి చెందిన ఆర్థడాక్స్ సభ దానిని ఒప్పుకోదనీ మొదటి పేరాలోనే తేల్చివేశావు. ఎవరి విశ్వాసాన్ని వివరిస్తున్నామో వారు చదివి ‘మేము నమ్మేది ఇదే’ అనగలగాలి. నీ పేరా చదివిన కతోలిక గురువు ఎవరూ ఆ మాట అనలేరు. 1992 నాటి కతోలిక సత్యోపదేశ గ్రంథం, జన్మపాపం మనకు సంక్రమించినదే గాని మనం చేసినది కాదనీ, అది ఒక స్థితే గాని క్రియ కాదనీ, ఆదాము సంతతిలో ఎవరికీ అది వ్యక్తిగత దోషం కాదనీ స్పష్టంగా చెబుతుంది. ఆదిలో మనిషికున్న పవిత్రత, నీతి లోపించడమే ఆ స్థితి. మానవ స్వభావం గాయపడి పాపం వైపు మొగ్గుతుందే తప్ప, పూర్తిగా చెడిపోలేదు.

పూర్తిగా చెడిపోయిందన్న భావన నీకు ఎక్కడ అబ్బిందో ఊహించగలను. మన చిత్తూరు, మదనపల్లె ప్రాంతాల్లో పనిచేసిన ఆర్కాటు మిషను అమెరికాలోని ప్రొటెస్టంటు రిఫార్మ్డ్ సభకు చెందినది, మానవ స్వభావం పూర్తిగా చెడిపోయిందన్న కాల్విను బోధకు వారసురాలు. ఆ ప్రసంగాలకు అలవాటుపడిన చెవితో కతోలికులను వినకూడదు. ఇక ఈ ఊరి పాఠకుడు జన్మపాపం అనగానే పూర్వజన్మ కర్మ అనుకుంటాడు కనుక, రెండు సభలూ పూర్వజన్మను అంగీకరించవని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగు.

చరిత్ర భాగాన్ని మాత్రం తొందరపడకుండా రాయాలి. ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో పీఠాధిపతి (బిషప్పు) అగస్టీను (354–430), ఆదాము పాపం అతని సంతతికి సంక్రమించదన్న పెలాగియసు బోధను ఎదిరించిన కాలంలోనే, 418లో కార్తేజులో సమావేశమైన పీఠాధిపతులు, శిశువులకు ఇచ్చే జ్ఞానస్నానం (బాప్తిస్మం) నిజంగానే పాపవిమోచన కోసమని నిర్ణయించారు. దాదాపు అదే తరంలో తూర్పు సభ ఉపదేశకుడు యోహాను క్రిసోస్తోము, శిశువులకు పాపాలు లేకపోయినా పవిత్రత, నీతి, దత్తపుత్రత్వం లభించాలని జ్ఞానస్నానం ఇస్తున్నామని బోధించాడు. ఆదాము నుండి మనకు సంక్రమించినవి మరణమూ క్షయమూ గాని అపరాధం కాదనీ, మృత్యుభయమే మనల్ని పాపంలోకి నెడుతుందనీ నేటి ఆర్థడాక్స్ వేదాంతులు తరచుగా చెప్పేది ఈ ధోరణిలోనే. నీవు ఇక్కడే ఆగిపోయావు. కానీ 692లో కాన్‌స్టాంటినోపులులో జరిగిన పీఠాధిపతుల సమావేశం కార్తేజు నిబంధనలను తూర్పు సభకూ వర్తింపజేసింది. 1672లో యెరూషలేములో జరిగిన ఆర్థడాక్స్ పీఠాధిపతుల సమావేశం అయితే, శిశువులు సైతం జన్మపాపానికి లోబడి ఉన్నారనీ, జ్ఞానస్నానం లేకుండా దానికి విమోచన లేదనీ ప్రకటించింది. నీవు గీసిన గీతకు ఇవి ఇమడవు, ఇమడనివాటినే ముందుగా రాయమంటాను. గీత నిజంగా ఎక్కడుందో చూపాలంటే 1854ను ఎంచుకో: మరియమ్మ జన్మపాపం సోకకుండానే తన తల్లి గర్భంలో పడిందని ఆ సంవత్సరం తొమ్మిదవ పయస్ పోపుగారు విశ్వాస సత్యంగా ప్రకటించగా, ఆమెను సర్వపవిత్రురాలని కీర్తించే ఆర్థడాక్సులు ఆ ప్రకటనను అంగీకరించలేదు.

వరప్రసాదం, అంటే దేవుడు ఉచితంగా ఇచ్చే కృప, గురించిన భాగంలో మర్కట కిశోర, మార్జాల కిశోర న్యాయాలను (తల్లిని తానే పట్టుకునే కోతిపిల్ల, తల్లే నోట కరచి మోసే పిల్లికూన) తెచ్చి, దేవునితో మనిషి సహకరించాలనే ఆర్థడాక్సులను కోతిపిల్లగా, కతోలికులను పిల్లికూనగా చూపించావు. శ్రీవైష్ణవుల వడకలై, తెంకలై వాదాలు విన్న మన పాఠకులకు అది ఇంపుగానే ఉంటుంది, కొట్టివేయడానికి నాకూ మనసొప్పలేదు. అయినా కొట్టివేశాను, ఎందుకంటే వరప్రసాదం కదిలించిన మానవ సంకల్పం దానికి సమ్మతించి సహకరిస్తుందని 1547లో కతోలికుల త్రెంతు మహాసభ చెప్పడమే కాక, కాదన్నవారిని శపించింది కూడా. అసలు తేడా వేరే చోట ఉంది. కతోలిక వేదాంతి తోమాసు అక్వీనాసు వరప్రసాదాన్ని ఆత్మలో దేవుడు కలిగించే ఒక గుణంగా వివరించాడు. పద్నాలుగవ శతాబ్దపు ఆర్థడాక్స్ వేదాంతి గ్రెగొరీ పలమాసు అది సృష్టింపబడనిదనీ, దేవుని శక్తియేననీ వాదించగా, 1351లో కాన్‌స్టాంటినోపులులో జరిగిన పీఠాధిపతుల సమావేశం దానిని స్థిరపరచింది. పవిత్రాత్మ స్వయంగా మనిషిలో నివసిస్తాడని కతోలికులూ నమ్ముతారు గనుక, ఇక్కడ గొంతు పెంచనక్కరలేదు.

జ్ఞానస్నానం గురించి పుస్తకాలకంటే విధిని చూసి రాయడం మేలు. ఆర్థడాక్స్ గురువు శిశువును ముమ్మారు నీట ముంచి, వెంటనే పవిత్ర తైలంతో అభ్యంగనం చేస్తాడు, పసిబిడ్డకే దివ్యసత్ప్రసాదం (క్రీస్తు శరీర రక్తాలుగా స్వీకరించే రొట్టె, ద్రాక్షారసం) ఇస్తాడు. మన జిల్లా కతోలికులు అనుసరించే లాటిను పద్ధతిలో సాధారణంగా తలపై నీరు పోస్తారు. సత్ప్రసాదం దాదాపు ఏడేళ్లు నిండి తెలివి వచ్చాక, తైలంతో చేసే భద్రమైన అభ్యంగనం కూడా తరువాతే. తూర్పు విధిని పాటించే కతోలికుల్లో మూడూ ఒకేసారి ఇచ్చే సభలున్నాయి కనుక, ఈ తేడాను విశ్వాసభేదంగా రాయకు.

ఇక్కడ చదువుకునే కేరళ ఆర్థడాక్స్ స్నేహితులను అడిగి రాశానన్నావు. వారి మలంకర సభ క్రీస్తు దైవ, మానవ స్వభావాలను నిర్వచించిన 451 నాటి కాల్సెదోను మహాసభను అంగీకరించని ప్రాచ్య (ఓరియంటల్) ఆర్థడాక్స్ కుటుంబానికి చెందినది. 692 నాటి సమావేశంగాని, పలమాసు బోధగాని వారికి ప్రమాణం కావు. వారి మాటలను వారి పేరుతోనే ప్రత్యేకంగా ఉదహరించు.

జ్ఞానస్నానం లేకుండా మరణించిన శిశువులు లింబోకు, అంటే దైవదర్శనమూ నరకయాతనా లేని స్థితికి, వెళతారన్నది కతోలిక విశ్వాస సత్యమని చివర రాశావు. అది వేదాంతుల అభిప్రాయం మాత్రమే. అటువంటి శిశువుల రక్షణను ఆశించడానికి బలమైన ఆధారాలున్నాయని 2007లో వాటికనుకు చెందిన అంతర్జాతీయ వేదాంత సంఘం పత్రమే వెలువరించింది. ఆ పేరా మార్చి, మిగతాది తిరగరాసి పంపు.