ఏటా అదే చెట్టు కిందికి: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: మేము నగరంలో అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. బాబుకు పదమూడేళ్లు, పాపకు తొమ్మిది. సెలవు వచ్చిన ప్రతిసారీ ఎక్కడికి వెళ్లాలన్న చర్చతోనే సగం రోజు గడిచిపోయి, చివరికి ఏదో ఒక షాపింగ్ మాల్‌లో తేలుతున్నాం. మా చిన్నతనంలో ప్రతి సెలవుకూ ఒక పద్ధతి ఉండేది. నగరంలో పిల్లలకు అలాంటిది ఏర్పరచగలమా?

సమాధానం: తప్పకుండా ఏర్పరచవచ్చు. మీ ఉత్తరం చదివితే నగరంలో చోట్లు కరువైనట్టు అనిపించలేదు; ప్రతి సెలవుకూ మొదటి నుంచి ఆలోచించవలసి రావడమే మిమ్మల్ని అలసగొడుతోంది. కుటుంబాల అలవాట్లపై 50 ఏళ్లుగా వచ్చిన పరిశోధనలను 2002లో సమీక్షించిన బార్బరా ఫీస్, ఆమె సహచరులు దినచర్యకూ ఆచారానికీ ఒక తేడా చూపారు. దినచర్య ‘ఈ పని జరగాలి’ అంటుంది. ఆచారం ‘మనం ఇలాంటివాళ్లం’ అంటుంది. మాల్‌కు వెళ్లడం కూడా ఆచారం కాగలదు గానీ, అక్కడ రుతువు మారిన జాడ కనబడదు కాబట్టి, పోయిన ఏడాది జ్ఞాపకానికీ ఈ ఏటి జ్ఞాపకానికీ పిల్లల మనసులో తేడా మిగలదు.

అందుకని వాటంతట అవే ఏటా వచ్చేవాటిని పట్టుకోండి. మీకు దగ్గరలోని పార్కులో ఆకు రాల్చే చెట్టును ఒకదాన్ని ఎంచుకుని, రుతువుకు ఒకసారి దాని కిందనే కూర్చుని, ఒకే చోట నిలబడి ఫొటో తీసుకోండి. మొదటి ఏడాది ఇది కాస్త వెర్రిగా తోస్తుంది. మూడో ఏడాదికి, కిందటిసారి చెల్లెలి తల ఏ కొమ్మ దాకా వచ్చిందో అన్న గుర్తుచేస్తాడు. డిసెంబరు 13, 14 తేదీల రాత్రి జెమినిడ్స్ ఉల్కాపాతం ఉధృతంగా ఉంటుంది. దానికి టెలిస్కోపు అవసరం లేదు. దీపాలు తక్కువగా ఉన్న డాబా మీద చాప పరుచుకుని, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా 20 నిమిషాలకు పైగా ఫోను వైపు చూడకుండా ఉంటే చాలు. నగరపు వెలుతురులో ప్రకాశవంతమైన ఉల్కలే కనిపిస్తాయి, నిండు వెన్నెల ఉన్న ఏడాది ఇంకా తక్కువ. ఈ సంగతి పిల్లలకు ముందే చెప్పాలి.

పగటిపూట కావాలంటే నీడను కొలవండి. కర్కట, మకర రేఖల మధ్య ఉన్న ఊళ్లలో ఏడాదికి 2 రోజులు, సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చిన క్షణంలో, నిటారుగా ఉన్న కర్రకు నీడ పడదు. ఆ తేదీలు ఊరిని బట్టి మారతాయి. మీ ఊరివి వెతికే పని పాపకు అప్పగించండి. ఫిబ్రవరిలో 4 రోజులపాటు జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌లో ఎవరైనా పాల్గొనవచ్చు. 1998లో మొదలైన ఈ లెక్కింపులో కనీసం 15 నిమిషాలు పక్షులను గమనించి, చూసినవాటిని నమోదు చేయాలి. నా సలహా మాత్రం ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టవద్దని. ఈ ఏడాదికి రెండు చాలు.

ప్రశ్న: మా అబ్బాయికి పదహారేళ్లు. మాతో ఎక్కడికీ రానంటాడు. బలవంతం చేయాలా?

సమాధానం: బలవంతం చేస్తే మనిషి వస్తాడు, మొహం మాత్రం ఇంట్లోనే వదిలి వస్తాడు. రోజంతా అడగకుండా రెండు గంటలు అడగండి, తిరిగి వచ్చే వేళ ముందే చెప్పండి, ఆ వేళ దాటనివ్వకండి. దారి, రైలో బస్సో, వెంట ఎవరిని తీసుకురావాలన్నది అతన్నే నిర్ణయించనివ్వండి. స్నేహితుడిని తెస్తానంటే కాదనకండి. ఒక ఏడాది రాకపోయినా మిగతావారు వెళ్లి రండి. ఆ పద్ధతి ఇంట్లో నిలిచి ఉంటేనే అతను మళ్లీ వచ్చి కలవగలడు.

ప్రశ్న: నేను ఆస్పత్రిలో నర్సును. పండుగ రోజుల్లోనే నాకు డ్యూటీ పడుతుంది. పిల్లలకు అన్యాయం చేస్తున్నానా?

సమాధానం: లేదు. పరిశోధకులు స్టీవెన్ వోలిన్, లిండా బెనెట్ 1984లో కుటుంబ ఆచారాలను మూడు రకాలుగా విడదీశారు: సమాజమంతా జరుపుకునే వేడుకలు, ఆ ఇంటికే ప్రత్యేకమైన సంప్రదాయాలు, రోజువారీ అలవాట్లు. మీ డ్యూటీ అడ్డుపడేది మొదటిదానికే. రెండోదానికి తేదీ పెట్టేది మీరే కాబట్టి, రోస్టర్ రాగానే మీ మొదటి సెలవు రోజును పిల్లల ముందే క్యాలెండర్‌లో గుర్తు పెట్టి, ఆ రోజు చేసేది ప్రతిసారీ ఒకటే ఉంచండి. నైట్ డ్యూటీ దిగిన ఉదయం మాత్రం పెట్టుకోవద్దు; నిద్రలేని అమ్మతో వెళ్లిన పార్కు పిల్లలకూ సరదాగా ఉండదు.