కూనిరాగం ఆగిన చోటు

బిడ్డా,

రీమిక్సు పాటలంటే దొంగతనమేనని నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివిన. నీ కోపం నాకు సమజైంది. కానీ మూడు పేజీలల్ల ‘కాపీ’ అన్న మాట పదకొండుసార్లు ఉన్నది, పాట రాసినాయన పేరు ఒక్కసారి లేదు. బాణీ కట్టినాయన పేరూ లేదు. సొమ్ము పోయిందని లొల్లి పెడుతున్నవు గానీ, ఎవరి సొమ్మో చెప్తలేవు. నాకు బాధైంది అక్కడే.

నువ్వు తీసుకున్న ‘వెల్లువొచ్చి గోదారమ్మ’ సంగతే చూడు. 1982ల వచ్చిన ‘దేవత’ల పాట. వేటూరి రాసిన్రు, చక్రవర్తి బాణీ కట్టిన్రు, బాలు, సుశీలమ్మ పాడిన్రు. రాఘవేంద్రరావు గోదారి ఒడ్డున బిందెలు పేర్చి తీసిన్రు. 2019ల ‘గద్దలకొండ గణేష్’ కోసం హరీష్ శంకర్ అదే పాటను మళ్ళ బిందెలతోనే తీసిన్రు. ఆ బిందెల మీద నువ్వు ఒక్క వాక్యం రాయలేదు. మన ఇండ్లల్ల బిందె కొంటే దాని మీద పేరు కొట్టిస్తం గదా. పేరు కొట్టి ఉన్న బిందెను దొంగిలించినోడు దాన్ని నెత్తిన పెట్టుకొని నడిబజార్ల నడుస్తడా? చూసేటోళ్ళు గుర్తుపట్టాలని తెచ్చిన బిందెలవి. అది బాగుందా లేదా అన్నది నీ ఇష్టం. కానీ దొంగతనం అన్న మాట ఇక్కడ అతకదు.

ఆ సినిమా నేను హన్మకొండల చూసిన. నా పక్క సీట్ల అరవై దాటిన ఒకామె, మనుమరాలితోని వచ్చింది. పాట మొదలుకాంగనే సన్నగ గొంతు కలిపింది. తెర మీద పాట కన్నా ఒక మాట ముందే ఆమె నోట్ల తయారుగ ఉంటున్నది. పల్లవి అయినంక వాయిద్యాలు అందుకున్నయి. ఆమె ఎదురుచూసిన ముక్క రానట్టున్నది, గొంతు ఆగింది. వేళ్ళు మాత్రం కుర్చీ పిడి మీద పాత దరువే వేస్తున్నయి. పల్లవి తిరిగి వచ్చేటప్పటికి మళ్ళ అందుకున్నది. నువ్వు రాయవలసింది ఆ ఆగిన చోటు గురించి. రెండు పాటలూ పక్కపక్కన పెట్టుకొని విను. ఏది ఉంచిన్రు, ఏది తీసేసిన్రు, తీసేసినకాడ ఏం పెట్టిన్రు, నీ చెవికి ఏమైంది? అది రాయి.

నేనూ తప్పు చేసిన. కొత్తల ఒక సమీక్షల, ఫలానా సినిమాల ఉరుము శబ్దం ఎంత గొప్పగ పుట్టించిన్రో అని అర పేజీ పొగిడిన. వారానికి ఒక కార్డు వచ్చింది. కాజీపేటల సినిమా హాలు ఆపరేటరు రాసిండు: “సార్, ఆ ఉరుము నేను ఇదివరకే మూడు సినిమాలల్ల విన్న.” రోజుకు నాలుగు ఆటలు, మిషను గదిల నిలబడి విన్న చెవి అది. నేను ఒకే ఒక్కసారి విని రాసిన. ఆ కార్డు ఇంకా నా బీరువల ఉన్నది.

శబ్దాలు గట్ల తిరుగుతయని అప్పుడే నేర్చుకున్న. 1951ల ఒక హాలీవుడ్ సినిమాకు రికార్డు చేసిన మనిషి కేక ఒకటున్నది. 1953ల ఇంకో సినిమాల విల్‌హెల్మ్ అనే సిపాయి బాణం తగిలి అదే కేక వేసిండు. 1977ల ‘స్టార్ వార్స్’కు శబ్దాలు కూర్చిన బెన్ బర్ట్ దాన్ని స్టూడియో అరల నుంచి వెతికి తీసి వాడి, ఆ సిపాయి పేరే దానికి పెట్టిండు. అప్పటిసంది ఎన్ని సినిమాలల్ల వినవడ్డదో.

అసలు రికార్డింగునే తెచ్చి పెట్టుడు ఇంకో తీరు. 2024ల మలయాళం ‘మంజుమ్మెల్ బాయ్స్’ చూసే ఉంటవు. 1991 నాటి తమిళ ‘గుణ’ పాట అందుల వస్తది. కొడైకెనాల్ గుహకు ఆ సినిమా తోటే ‘గుణ’ పేరు వచ్చింది, ఈ కథ జరిగేదీ ఆ గుహలనే. గుహల పడ్డ దోస్తును పైకి తెచ్చేకాడ ఆ పాట మోగితే నా కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. అయినా ఆ బాణీ కట్టిన ఇళయరాజా, తనను అడగకుండ వాడిన్రని నోటీసు పంపిన్రు. మనసు కరిగిన సంగతీ, నోటీసు సంగతీ రెండూ నీ వ్యాసంల ఉండాలె.

హక్కుల ముచ్చట రాస్తే తెలుసుకొని రాయి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రికార్డింగు వేరు, బాణీ వేరు, సాహిత్యం వేరు. రికార్డింగుకు విడుదలైన సంవత్సరం నుంచి 60 ఏండ్లు లెక్క, సాహిత్యానికి కవి కాలం చేసినంక 60 ఏండ్లు. ‘దేవత’ రికార్డింగు మీద హక్కు 2042తోని తీరుతది. వేటూరి 2010ల పోయిన్రు గనుక ఆ మాటల మీద హక్కు 2070 చివరి దాక ఉంటది.

ఇంకొక్కటి. పాత బాణీ ముట్టుకునుడే పాపమని రాసినవు. నువ్వు చిన్నప్పటిసంది బతుకమ్మ ఆడినదానివి. ‘ఉయ్యాలో’ అన్న ఒక్క వరుసల మీ అమ్మమ్మ రాముని కథ పాడుతది, పక్కింటామె అత్తింటి కష్టం పాడుతది. చుట్టు తిరిగేటోళ్ళకు ఆ వరుస పాతదని తెల్సు, తెల్సే చప్పట్లు కొడతరు. ఆ వాక్యం కొట్టేసి, ఈ ముచ్చట పెట్టు.

మొదటి పేరాలనే వేటూరి, చక్రవర్తి, బాలు, సుశీలమ్మ, ఆ నలుగురి పేర్లు రాసి మళ్ళ మొదలుపెట్టు. సద్దుల బతుకమ్మకు ఊరికి వస్తవు గదా, చిత్తుప్రతి తెచ్చుకో. ‘దేవత’ క్యాసెట్టు నా దగ్గర ఉన్నది, ఇద్దరం కూసొని విందాం.

మీ పెదనాయన అసొంటి,
పాత రచయిత
హన్మకొండ