పిలిస్తే పారిపోతున్న కుక్కను దగ్గరికి రప్పించడం

తప్పిపోయిన మీ కుక్క కనిపించినా, పిలిస్తే పారిపోతోందని, మిమ్మల్ని మర్చిపోయిందా అని అడిగారు. అది మిమ్మల్ని మర్చిపోలేదు, భయంలో ఉంది. టపాసులకు బెదిరి పారిపోయిందన్నారు, ఇంటికి కొత్తవాళ్లొస్తే మంచం కింద దూరేదన్నారు. అలాంటి పిరికిది తప్పిపోతే సొంతవాళ్లు పిలిచినా పరుగెత్తొచ్చు. కలుపుగోలుదైతే ఈపాటికి ఎవరింట్లోనో చేరి అన్నం తింటూ ఉండేదేమో!

1. వెంటపడటం, పేరు పెట్టి అరవడం ఆపండి. సాయానికొచ్చిన కుర్రాళ్లకూ చెప్పండి.

2. ఎక్కువమంది వదిలేసేది ఇదే. కనిపించగానే దాని వైపు నడవకండి. ఉన్నచోటే పక్కకు తిరిగి నేల మీద కూర్చోండి. కళ్లలోకి చూడొద్దు. ఉప్పూకారం లేకుండా ఉడికించిన, ఎముకల్లేని చికెన్ ముక్కలు చుట్టూ వేసి, ఇంట్లో మాట్లాడినట్టే మెల్లగా మాట్లాడుతూ ఉండండి. గంట పట్టినా కదలొద్దు. దగ్గరికొచ్చి వాసన చూసినా చటుక్కున పట్టుకోబోవద్దు. చేతిలోది తిని, అక్కడే నిలబడితే అప్పుడు నెమ్మదిగా బెల్ట్ పట్టుకోండి.

3. చివరిసారి కనిపించిన చోటే, వీధి సద్దుమణిగాక రాత్రిపూట, తెల్లవారుజామున ప్రయత్నించండి. తిండి పెట్టేసి వచ్చేస్తే వీధికుక్కలు తినేస్తాయి, కాస్త దూరంలో కాపలా ఉండండి.

4. పోస్టర్‌లో ‘పట్టుకోకండి, తరమకండి, ఫోన్ చేయండి’ అని పెద్దక్షరాలతో రాయండి.